కంటిలోని పసుపుమచ్చను కొలుచుట

ఎరువులు, విత్తనములు, అప్పుల వాయిదాలు, గోదాములోని నిలువలు మొదలగు విషయములను వ్రాయుట ఈ పత్రికకు వాడుక. ఈ నెల కంటిని గూర్చి వ్రాయుచున్నాము. ఇందుకు కారణము మన సభ్యులే. పట్టణమునకు పోయి కంటిపరీక్ష చేయించుకొని వచ్చిన వృద్ధులు కొందఱు 0.2 అనియు, 0.35 అనియు అంకెలు ముద్రించిన చిన్న కాగితములను కార్యాలయమునకు తెచ్చి, "అయ్యా, ఇది మంచిదా, చెడ్డదా?" అని అడుగుచున్నారు. కాగితముతో పాటు మాత్రల సీసాను కూడ కొనివచ్చినవారు కలరు. ఆ సీసా వెల ఒక బస్తా యూరియా వెలను మించియున్నది. నెలకొక సీసా చొప్పున కొనవలెనని వారికి చెప్పిరట. కావున ఆ యంకె దేనిని తెలుపును, దానిని ఎట్లు కొలుతురు, వయస్సు వలన కన్ను చెడినవారి విషయమున దానిని ఎంతవఱకు నమ్మవచ్చును అను సంగతులను చెప్పదలచితిమి. మేము వైద్యులము కాము. నేత్రవైద్యులు ప్రకటించిన పరిశోధనలను చదివి, మనకు పనికివచ్చునంత వఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

కన్ను ఫోటో తీయు పెట్టెవంటిది. ముందు భాగమున కటకము, వెనుక గోడకు అంటుకొని పలుచని తెర యుండును. ఆ తెర నట్టనడుమ ఐదారు మిల్లీమీటర్ల వెడల్పుగల చోటు పసుపుపచ్చగా నుండును. దానినే పసుపుమచ్చ యందురు. దాని నడుమ 1.5 మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న పల్లము కలదు. మనము దేనివంక చూపు నిలిపినను దాని బొమ్మ ఆ పల్లములోనే పడును. పాసుపుస్తకములోని అంకెలు, సూదిబెజ్జము, ఎదుట నిలిచిన మనుమని ముఖము, వరియాకుమీది పురుగుగ్రుడ్లు, ఇవి యన్నియు కనబడునది ఆవగింజంత యున్న ఆ చోటివలననే. మిగిలిన తెరయంతయు ప్రక్కచూపునకు పనికివచ్చును గాని సన్నని వివరమును పట్టలేదు.

ఆ చోటు పసుపుగా నుండునని మొట్టమొదట వ్రాసినవాడు ఇటలీదేశమందలి మిలాను నగరపు వైద్యుడు ఫ్రాంచెస్కో బుజ్జి. అది 1782వ సంవత్సరము. ఆ రంగు ఎక్కడిదో చాలకాలము తెలియలేదు. 1945లో అమెరికాలో జార్జి వాల్డు అను శాస్త్రజ్ఞుడు, అది ఆకులలో నుండు పసుపు పదార్థముల జాతిలోనిదని చూపెను. 1985లో రిచర్డు బోను, జాన్ లాండ్రము మొదలగువారు అందులో లుటీను, జియాక్సాంథిను అను రెండు పదార్థములు కలవని నిర్ణయించిరి. వీనికి తోడు మూడవదియొకటి కంటిలోనే లుటీనునుండి తయారగును. మొదటి రెంటిని మన శరీరము తయారుచేసికొనలేదు. మనము తినిన ఆకుకూరలనుండి, మొక్కజొన్ననుండి, గ్రుడ్డులోని పచ్చసొననుండి అవి రక్తములోనికి, రక్తమునుండి కంటిలోనికి పోయి చేరవలసినదే. పొలము గట్టున మొలచిన తోటకూరలోని పసుపు మనుష్యుని చూపునకు నడుమ పోయి కూర్చుండుట వింతగా తోచును గాని నిజము.

అచ్చట దానికి రెండు పనులు గలవు. వెలుతురులోని నీలికాంతి తెరకు ఎక్కువ హాని చేయగలది. ఈ పసుపు ఆ నీలికాంతిలో కొంత భాగమును తెరకు తగులకముందే పీల్చివేయును. అంతియేగాక, కాంతివలనను ప్రాణవాయువువలనను కణములలో పుట్టు చెడుగును కొంత అణచును. ఇట్టి పదార్థము తక్కువైనచో కన్ను త్వరగా చెడునేమో యను ఊహతోనే దానిని కొలుచుటకు పూనుకొనిరి.

ఇక వ్యాధి మాట. వృద్ధులకు చూపు మందగించినచో మన గ్రామములలో "పొర వచ్చినది" అని యొకేమాట చెప్పి ఊరకుందురు. పొర యనునది శుక్లము. ముందునున్న కటకము మసకబాఱుట. దానిని తీసివేసి క్రొత్తకటకమును అమర్చినచో చూపు మరల వచ్చును. పసుపుమచ్చ క్షీణించుట వేఱు వ్యాధి. ఇందులో చెడునది వెనుకనున్న తెర. దానిని తీసి మార్చుటకు వీలులేదు. దీనిలో పొడిరకము, తడిరకము అని రెండు భేదములు గలవు. పొడిరకములో పసుపుమచ్చ క్రింద డ్రూసెన్ అను చిన్నచిన్న బొట్లవంటి నిలువలు చేరి, ఏండ్ల తరబడి మెల్లగా చూపు తగ్గును. తడిరకములో తెర క్రింద పనికిరాని క్రొత్త రక్తనాళములు మొలచి, నీరును నెత్తురును కార్చి, వారములలోనే నడిమిచూపును పాడుచేయును. రెంటియందును ప్రక్కచూపు మిగిలియుండును. రోగి గట్టుమీద నడువగలడు, గొడ్డును తోలుకొని రాగలడు. కాని ఎదుటివాని ముఖమును పోల్చుకొనలేడు, సంతకము చేయవలసిన గీతను కనుగొనలేడు. అందుచేతనే ఇంటివారు "తిరుగుచున్నాడు గదా, చూపు బాగుగనే యున్నది" అని మోసపోవుదురు.

మన ప్రాంతమున ఈ వ్యాధి లేదని తలపరాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు ఆ నగరములోను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల గ్రామములలోను పదివేలకు పైగా జనుల కన్నులను పరీక్షించిరి. 40 ఏండ్లు పైబడినవారిలో నూటికి ఇద్దఱికి లోపుగా ఈ వ్యాధి కనబడెను. వయస్సు పెరిగినకొలది ఇది పెరుగును. చుట్టలు కాల్చువారిలో ఎక్కువగా నుండెనని కూడ ఆ పరిశీలనలో తేలినది. చుట్ట మాట వచ్చినప్పుడు మన సభ్యులు చాలమంది వేఱొకవంక చూతురు. ఐనను చెప్పక తప్పదు.

పసుపుమచ్చను కొలుచు పద్ధతులలో ముఖ్యమైనదానిని మన గోదాము త్రాసుతో పోల్చి చెప్పవచ్చును. ధాన్యము తూచునపుడు మొదట నిండుబస్తాను తూచి, పిదప ఖాళీసంచి బరువును తీసివేయుదుము. అప్పుడు గదా గింజ బరువు తెలియుట. కంటిలోని పసుపును కూడ ఇట్లే రెండు తూకములతో కనుగొందురు. పసుపు నిండుగా నున్న నడిమిచోటు నిండుబస్తా. పసుపు ఇంచుమించుగా లేని ప్రక్కచోటు ఖాళీసంచి.

రోగిని కొంచెము చీకటిగానున్న గదిలో కూర్చుండబెట్టి, ఒక కన్ను మూసి, రెండవ కంటితో యంత్రములోని చిన్న వెలుగుబిళ్లను చూడుమందురు. ఆ బిళ్ల మీద నీలికాంతియు ఆకుపచ్చకాంతియు ఒకదాని తరువాత నొకటి వేగముగా మాఱుచుండును. నీలికాంతి 460 నానోమీటర్ల ప్రాంతముది. దానిని పసుపు బాగుగా పీల్చును. ఆకుపచ్చకాంతి 540, 550 నానోమీటర్ల ప్రాంతముది. దానిని పసుపు ముట్టదు. రెండు కాంతులు కంటికి సమానముగా తోచనంతసేపు బిళ్ల మిణుకుమిణుకు మనుచుండును. రోగి ఒక మరను త్రిప్పుచు నీలికాంతిని హెచ్చించి తగ్గించి, మిణుకు నిలిచిపోవు చోట ఆపవలెను. ఇట్లు నాలుగైదు పర్యాయములు చేసి సగటు తీయుదురు. తరువాత ప్రక్కగా నున్న ఎఱ్ఱచుక్కను చూచుచు, వెలుగుబిళ్లను ఓరచూపుతో గమనించి అదే పని చేయవలెను. నడుమ పసుపు నీలికాంతిని మ్రింగుచుండును గనుక అచ్చట మిణుకు ఆగుటకు ఎక్కువ నీలికాంతి కావలెను. ప్రక్కన అంత యక్కఱలేదు. ప్రక్కన రెండు పాళ్లు చాలినచోట నడుమ నాలుగు పాళ్లు కావలసివచ్చినచో, పసుపు సగమును మ్రింగినదని తెలియుచున్నది. ఆ సగమునే 0.3 అని వ్రాయుదురు.

ఈ యంకె మామూలు లెక్కవంటిది కాదు. 0.3 అనగా నీలికాంతిలో సగము ఆగును. 0.6 అనగా మిగిలిన సగములో మరల సగము ఆగి, నాల్గవవంతు మాత్రమే లోనికి పోవును. 1.0 అనగా పదింట ఒక పాలు మాత్రమే పోవును. 0.1 అనగా ఐదింట ఒక పాలు మాత్రమే ఆగును. ఒక పలుచని గుడ్డను దీపమునకు అడ్డముపెట్టి, దానిపై రెండవ గుడ్డను వేసినట్లు తలంచినచో ఈ లెక్క సులభముగా బోధపడును. ఏ రోగమును లేని కన్నులలోనే 0.1కి లోపలివారును 0.8 దాటినవారును కనబడుచున్నారు. కావున "ఇంత యుండవలెను, ఇంతకు తగ్గినచో రోగము" అని గీత గీచినట్లు చెప్పుటకు వీలులేదు. పైగా పసుపు పల్లము నడుమ మిక్కిలి చిక్కగా నుండి, అంచునకు పోవుకొలది పలుచనగును. రెండు యంత్రములు వేర్వేఱు చోట్ల కొలిచినచో ఒకే కంటికి రెండంకెలు వచ్చును. ఒక ఊరి కాగితమును మఱియొక ఊరి కాగితముతో పోల్చుకొని దిగులుపడినవారిని మేమెఱుగుదుము.

రెండవ పద్ధతి ఫోటో పద్ధతి. ఇందులో రోగి మర త్రిప్పనక్కఱలేదు. కదలక కూర్చుండిన చాలును. తెర వెనుకనున్న పొరలో వయస్సుతో పాటు మడ్డివంటి పదార్థము చేరును. దానిపై నీలికాంతి పడినప్పుడు అది తానే మందముగా వెలుగును. ఆ వెలుగును ఫోటో తీసినచో పసుపు ఉన్నంతమేర నల్లగా నీడ పడును. నీడ ఎంత నల్లనైన పసుపు అంత చిక్కన యని లెక్క. సామాన్యముగా రెండు రంగుల కాంతులతో రెండు ఫోటోలు తీసి పోల్చుదురు.

ఆరోగ్యముగల పడుచువాని కంటికి ఈ రెండు పద్ధతులును చక్కగనే పనిచేయును. చిక్కంతయు ఎవరికి కొలత కావలసియున్నదో ఆ వృద్ధుల విషయముననే వచ్చును. మొదటి పద్ధతిని తీసికొందము. మిణుకును గుర్తించుశక్తి వయస్సుతో తగ్గును గనుక మిణుకు వేగమును మనిషిని బట్టి సవరింపవలెను. పనివాడు తొందరపడి అట్లు సవరింపనిచో వృద్ధుడు ఎక్కడ మర నిలిపినను సరిగానే యున్నట్లు తోచును. ఇంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. వ్యాధి ముదిరి నడిమిచూపు పోయినవాడు, తనకు తెలియకయే, బిళ్లను తెరయొక్క ప్రక్కచోటితో చూచును. అప్పుడు నిండుబస్తాకు బదులు ఖాళీసంచినే రెండుమారులు తూచినట్లగును. అంకె మిక్కిలి తక్కువ వచ్చును. అది పసుపు తక్కువయని కాదు, కొలత పసుపుమచ్చమీద పడలేదని. ఒక్క సంగతి మాత్రము ఈ పద్ధతికి అనుకూలము. వృద్ధుని కటకము పండుబాఱి నీలికాంతిని తానును కొంత మ్రింగును గాని, నడుమను ప్రక్కను కూడ అదే కటకము గుండా చూచుచున్నాడు గనుక ఆ దోషము రెండు తూకములలోను సమానముగా చేరి పోవును.

ఫోటో పద్ధతిలో ఈ మేలు పూర్తిగా లేదు. శుక్లము వలన మసకబాఱిన కటకము కాంతిని చెదరగొట్టును. పొగమంచు పట్టిన తెల్లవాఱుజామున చింతచెట్టు నీడ వెలవెలబోవుటను చూచుచున్నాము గదా. నీడ పలుచనగుటకు చెట్టు కారణము కాదు, మంచు కారణము. అట్లే శుక్లమున్న కంటిలో పసుపునీడ వెలవెలబోయి అంకె తక్కువగా వచ్చును. శుక్లము తీసివేసిన పిదప అదే కంటిని అదే యంత్రముతో కొలిచినచో, పసుపు రవ్వంతయు పెరుగకున్నను అంకె పెరుగును. డ్రూసెన్ చేరి, వెనుకపొర అక్కడక్కడ చచ్చియున్న కన్నులలో మఱియొక చిక్కు. అచ్చట మడ్డి వెలుగు సమానముగా నుండదు గనుక నీడ దేనివలన కలిగినదో తేల్చుట కష్టము. ధాన్యము కొనుగోలుకేంద్రమున తేమ కొలుచు యంత్రమును మనమందఱము ఎఱుగుదుము. 17 శాతము దాటెనా, దాటలేదా యని దానిచుట్టు ఎంత తగవు జరుగునో కూడ ఎఱుగుదుము. గింజలో తాలు, మట్టి కలిసియున్నచో అదే యంత్రము వేఱంకె చూపును. అచ్చట తప్పు యంత్రముది కాదు.

ఇట్లు వ్రాయుటకు మా సంఘములో జరిగిన యొక సంగతి కారణము. ఆయన పేరు వ్రాయము. వయస్సు 71 ఏండ్లు. నాలుగెకరముల మాగాణి గల రైతు, పూర్వము పాలకవర్గములో నుండినవారు. ఒక కంటిపరీక్షా శిబిరమున ఫోటో యంత్రముతో కొలిచి, కుడికంటిలో పసుపు 0.2కు లోపున్నదనియు, ఎడమకంటిలో 0.4 ఉన్నదనియు చెప్పిరి. కుడికంటికి శుక్లము కూడ ఉండెను. వారు ఇచ్చిన సీసా ప్రకారము ఆయన మాత్రలు వాడుచు వచ్చెను. ఐదు నెలలు గడచిన పిమ్మట వేఱొకచోట కుడికంటి శుక్లము తీయించుకొనెను. ఏడవ నెలలో మరల శిబిరమునకు పోగా కుడికంటి అంకె 0.3 దాటినది. అచ్చటివారు మాత్రల గుణమే యనిరి. ఆయన సంతోషముతో కాగితము పట్టుకొని కార్యాలయమునకు వచ్చి మాకు చూపెను. మేమును సంతోషించితిమి. పొగమంచు తొలగినదని ఆయనకును తోచలేదు, మాకును తోచలేదు.

ఆనాడు మాటల సందర్భమున ఆయన, "ఎడమకంటితో చూచినప్పుడు కరెంటు స్తంభము నడుమ వంగినట్లున్నది, వయస్సు గదా" అని నవ్వెను. మేము కూడ వయస్సు గదా యని ఊరకుంటిమి. ఎడమకంటి అంకె మంచిది గదా యను ధైర్యము ఆయనకును మాకును ఉండెను. రెండు నెలలకు ఎడమకంటి నడుమ నల్లని మఱక నిలిచినది. పెద్ద ఆసుపత్రిలో చూపింపగా తడిరకమని తేలెను. కంటిలోనికి సూదిమందు నెలనెల వేసిరి. కారుట ఆగినది గాని, అప్పటికే పోయిన చూపు పూర్తిగా రాలేదు. స్తంభము వంగినట్లు కనబడుటయే ఆ వ్యాధి తొలి గుర్తు అని మాకు తెలిసియున్నచో ఆనాడే ఆయనను బస్సెక్కించి పంపియుందుము. పసుపు బాగుగ నున్నదని అంకె చెప్పిన కన్నే చెడినది. ఆ లోపములో మాకును పాలు కలదు గనుకనే ఈ వ్యాసము.

అట్లైన పసుపు తక్కువయగుట వలన వ్యాధి వచ్చుచున్నదా, వ్యాధి వలన పసుపు తక్కువ యగుచున్నదా? చనిపోయినవారు దానముచేసిన కన్నులను పరీక్షించినప్పుడు, ఈ వ్యాధి గలవారి తెరలో లుటీను, జియాక్సాంథిను తక్కువగా నుండెను. బ్రదికియున్నవారిని కొలిచినప్పుడు కొన్ని పరిశీలనలలో తక్కువగాను, కొన్నింటిలో భేదమే లేనట్లును కనబడినది. పైన చెప్పిన కొలతచిక్కులు కూడ ఇందుకు కొంత కారణము. మా యభిప్రాయమున ఈ కొలత పరిశోధకునకు పనికివచ్చినంతగా రోగికి ఇంకను పనికిరాలేదు. ఒకే మనిషిని, ఒకే యంత్రముతో, శుక్లమునకు శస్త్రచికిత్స కాకముందో అయిన పిదపనో ఏదో యొక స్థితియందే పలుమారులు కొలిచినప్పుడు మాత్రమే పెరుగుట తరుగుటలకు అర్థముండును. అప్పుడును యంత్రపు తబ్బిబ్బునకు మించిన భేదమునే లెక్కింపవలెను.

మాత్రలను గూర్చి అమెరికా దేశపు జాతీయ నేత్రసంస్థవారు రెండు పెద్ద పరీక్షలు జరిపిరి. మొదటిదాని ఫలితములు 2001లో వెలువడెను. సి, ఇ విటమినులు, బీటాకెరోటిను, జింకు, రాగి కలిపిన మాత్రలు వాడినవారిలో, వ్యాధి నడిమిదశయందున్నవారికి అది ముదురు అపాయము ఐదేండ్లలో సుమారు నాల్గవవంతు తగ్గినది. వ్యాధి లేనివారికిని, మొదటిదశలో నున్నవారికిని ప్రయోజనము కనబడలేదు. 2013లో వెలువడిన రెండవ పరీక్షలో 4,203 మంది పాల్గొనిరి. అందు 10 మిల్లీగ్రాముల లుటీనును, 2 మిల్లీగ్రాముల జియాక్సాంథినును చేర్చి చూచిరి. పాత మాత్రకు వీనిని చేర్చుట వలన మొత్తముమీద అదనపు మేలు కనబడలేదు. ఆహారములో ఈ పదార్థములు మిక్కిలి తక్కువగా తినువారిలో మాత్రము మేలు కనబడినది. బీటాకెరోటిను వాడినవారిలో, ముఖ్యముగా పూర్వము పొగత్రాగి మానినవారిలో, ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా వచ్చుటచే, దానిని తీసివేసి లుటీను, జియాక్సాంథినులను ఉంచవలెనని నిర్ణయించిరి. చుట్ట కాల్చువారును, కాల్చి మానినవారును సీసాపై బీటాకెరోటిను ఉన్నదేమో చదివించుకొనవలెను. ఈ పరీక్షలలో ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించినది తెరలోని డ్రూసెన్ మొదలగు గుర్తులే గాని పసుపుమచ్చ అంకె కాదు. కాబట్టి "అంకె తక్కువ, మాత్ర కొనుము" అని చెప్పువారిని, "తెరను చూచితిరా, వ్యాధి ఏ దశలో నున్నది?" అని అడుగవలెను.

ఆహారము సంగతి మన చేతిలోనిది. పచ్చి పాలకూర 100 గ్రాములలో సుమారు 12 మిల్లీగ్రాముల లుటీను, జియాక్సాంథినులు గలవు. తోటకూర, మెంతికూర, మునగాకు, కొత్తిమీర, కరివేపాకు మొదలగు ముదురుపచ్చని ఆకులన్నియు ఈ జాతివే. పచ్చ మొక్కజొన్నలో జియాక్సాంథిను కలదు. గ్రుడ్డుసొనలో కొంచెమే యున్నను ఒంటికి బాగుగ పట్టును. దంపి మెఱుగుపెట్టిన తెల్లబియ్యములో ఏమియు లేదనవచ్చును. ఈ పదార్థములు నూనెలోనే కరగును గనుక ఆకుకూరను నీళ్లలో ఉడికించి నూనె సోకకుండ తినుటకంటె, పప్పులో వేసి తాలింపు పెట్టుకొనుట మేలు. మన ఇండ్లలో ఈ పద్ధతి ఎవరును చెప్పకయే యున్నది. క్యారెట్టు కన్నులకు మంచిదని పిల్లలకు చెప్పుదుము. అది రేచీకటికి సంబంధించిన మాట. క్యారెట్టులో నున్నది ముఖ్యముగా బీటాకెరోటిను, పసుపుమచ్చకు కావలసినది అది కాదు. గుండెజబ్బునకు నెత్తురు గడ్డకట్టకుండ వార్ఫరిను అను మాత్ర వాడువారు మాత్రము వైద్యుని అడుగకుండ ఆకుకూరలను హఠాత్తుగా పెంచరాదు.

ఇందులో రైతునకు నవ్వు పుట్టించు విషయ మొకటి కలదు. సీసాలలోని లుటీను చాలవఱకు బంతిపూల రేకులనుండి తీసినది. కర్ణాటక, తమిళనాడు రాష్ట్రములలో కంపెనీల ఒప్పందముపై ఇందుకొఱకే బంతి పండించుచున్నారు. కోళ్లమేతలో కలిపి గ్రుడ్డుసొనకు రంగు తెచ్చుటకును అదే సరకు వాడుదురు. పువ్వును కిలోల లెక్కన అమ్మిన రైతు, దానినే మిల్లీగ్రాముల లెక్కన మరల కొనుచున్నాడు.

ఇంటివద్ద చేసికొనదగిన పరీక్షయొకటి చెప్పి ముగింతుము. దీనికి యంత్రమక్కఱలేదు. స్విట్జర్లాండు నేత్రవైద్యుడు మార్కు ఆమ్‌స్లరు 1940 ప్రాంతపు దశకమున ప్రచారమునకు తెచ్చిన గడుల కాగితము చాలును. 10 సెంటీమీటర్ల చదరములో అరసెంటీమీటరు దూరమున నిలువుగీతలు, అడ్డుగీతలు గీచి, నట్టనడుమ ఒక చుక్క పెట్టవలెను. చదువునద్దములు ధరించి, కాగితమును మంచి వెలుతురులో ఒక అడుగు దూరమున పట్టుకొని, ఒక కన్ను మూసి, రెండవ కంటితో నడిమిచుక్కనే చూడవలెను. చూపు కదలింపకుండగనే గీతలన్నియు తిన్నగా నున్నవా, ఎక్కడనైన వంగినవా, చెరిగినవా, గడి యేదైన మాయమైనదా యని గమనింపవలెను. తరువాత రెండవ కంటితో చూడవలెను. రెండు కన్నులు తెఱచి చూచినచో ప్రయోజనము లేదు. మంచికన్ను చెడ్డకంటి లోపమును కప్పివేయును. మా సభ్యుని విషయమున జరిగినదదియే. గీతలు క్రొత్తగా వంగి కనబడినచో తెరను పరీక్షించు సాధనములు గల ఆసుపత్రికి ఆ వారములోనే పోవలెను. తడిరకమును మొదటనే పట్టినచో సూదిమందుతో చాలమందికి ఉన్న చూపు నిలుచును, కొందఱికి కొంత మెరుగగును. కాగితములో లోపము కనబడనంత మాత్రమున కన్ను బాగున్నదని నిశ్చయింపరాదు. 60 దాటినవారు ఏటేట కంటిపాపను పెద్దదిచేయు మందు వేయించుకొని వెనుకతెరను చూపించుకొనవలెను.

ఈ గడుల కాగితములు ముద్రింపించి కార్యాలయమున ఉంచితిమి. వాయిదా కట్టుటకు గాని, ఎరువు తీసికొనుటకు గాని వచ్చినప్పుడు గుమాస్తాను అడిగి, ఇంటికొకటి చొప్పున తీసికొనిపోవచ్చును. వెల లేదు. చదువురాని పెద్దలకు ఇంటిలోని బడిపిల్లలు దగ్గఱ కూర్చుండి, ఒక్కొక్క కన్ను మూయించి, వారానికొకమారు చూపింతురు గాక.